తమ్ముణ్ని ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) మీటింగ్‌కు పంపాలి, ఎలా కనుక్కోవాలి?

ఖమ్మం దగ్గరి ఊరి నుంచి ఒక అక్క అడిగిన ప్రశ్న ఇది. తమ్ముడికి 36 ఏళ్లు. డీ-అడిక్షన్ సెంటర్‌లో మూడు వారాలు ఉండి పోయిన వారమే ఇంటికొచ్చాడు. డిశ్చార్జి కాగితం మీద డాక్టర్ గారు "ఏఏ మీటింగులకు వెళ్లాలి" అని రాశారు గానీ, ఎక్కడ, ఎప్పుడు అన్నది చెప్పలేదట. మీటింగ్ ఎలా కనుక్కోవాలి, తెలుగులో జరుగుతుందా, ఫీజెంత, ఊళ్లో నలుగురికీ తెలిసిపోతుందా, వాడు రానంటే ఏం చేయాలి అని అడిగారు. తాగుడు మానిపించే వార్డులో కౌన్సెలర్‌గా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. నా అనుభవంలోంచి చెబుతాను.

ముందు సూటిగా సమాధానం. అడ్రస్ కన్నా ముందు మనిషిని పట్టుకోండి. ఏఏ, అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానినవాళ్లూ మానాలనుకునేవాళ్లూ ఒకరికొకరు తోడుండే సంఘం. దాని ఇండియా వెబ్‌సైట్‌లో రాష్ట్రాల వారీగా మీటింగుల వివరాలు, ఫోన్ చేయాల్సిన నంబర్లు దొరుకుతాయి. మీకు దగ్గర్లో ఉన్న నంబర్‌కు ఫోన్ చేయండి. చేసి, "మీటింగ్ ఎక్కడండీ" అని అడిగి పెట్టేయకండి. "మా తమ్ముడు మొదటిసారి వస్తున్నాడు. ముందు ఒకసారి వాడితో ఫోన్లో మాట్లాడి, మీటింగ్ రోజు వెంటబెట్టుకుని వెళ్లే సభ్యులు ఎవరైనా ఉన్నారా?" అని అడగండి. మొహమాటపడొద్దు. తాగుడు మానడానికి వాళ్లు పాటించే పన్నెండు స్టెప్స్‌లో కొత్తవాళ్లకు చేయి అందించడం ఆఖరిది. అలా చేస్తూ ఉంటేనే తామూ తాగకుండా ఉండగలమని వాళ్ల నమ్మకం. ఇంతకాలం చూశాక నా నమ్మకం కూడా అదే.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మీటింగ్ ఎక్కడో తెలియక ఆగిపోయేవాళ్లు తక్కువ. తెలిసి కూడా వెళ్లలేనివాళ్లే ఎక్కువ. మా వార్డులో ఇంటికి వెళ్లే ప్రతి ఒక్కరికీ అడ్రస్, టైము రాసి ఇస్తాం. ఆ కాగితం చొక్కా జేబులోనే ఉండిపోయి ఉతుకులో ముద్దయిపోయిందని భార్యలు వచ్చి చెబుతుంటారు. ఇంకొందరు మీటింగ్ జరిగే చోటిదాకా వెళ్తారు. గేటు అవతల బండి మీద కూర్చుని, లోపలికి పోయేవాళ్ల ముఖాలు చూసి, తెలిసినవాడెవడైనా ఉంటాడేమోనన్న టెన్షన్‌తో బండి తిప్పేస్తారు. తిరిగొచ్చే దారిలో వైన్ షాపు ఉండనే ఉంటుంది. అదే గేటు దగ్గర ఒక మనిషి నిలబడి, "వచ్చావా తమ్ముడూ, రా, టీ తాగుదాం" అంటే వెనక్కి తిరిగేవాళ్లు అరుదు.

ఇది ఒక్క నా మాట కాదు. 1981లో అమెరికాలో ఒక చిన్న అధ్యయనం జరిగింది. ఇరవై మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మీటింగుల సమాచారం ఇచ్చి వెళ్లమని చెప్పి వదిలేశారు. రెండో జట్టులో ఒక్కొక్కరికీ కౌన్సెలర్ ఎదుటే ఏఏ సభ్యుడితో ఫోన్ కలిపి మాట్లాడించారు, మీటింగ్‌కు ఆ సభ్యుడే తీసుకెళ్లేలా ఏర్పాటు చేశారు. మొదటి జట్టులో ఒక్కరూ వెళ్లలేదు. రెండో జట్టులో అందరూ వెళ్లారు. ఇరవై మందితో చేసినదాన్ని పట్టుకుని లోకమంతా ఇంతే అనలేం కానీ, నేను రోజూ చూసేదానికి ఇది అచ్చంగా సరిపోతుంది. 2020లో వచ్చిన కాక్రేన్ సమీక్ష, అంటే అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసింది, చాలా పెద్దది. 27 అధ్యయనాలు, పదివేల మందికి పైగా రోగులు. పద్ధతి ప్రకారం ఏఏకు అలవాటు చేసినవారిలో పూర్తిగా తాగుడు మానినవారి శాతం, ఇతర మానసిక చికిత్సలు తీసుకున్నవారికన్నా ఎక్కువగా ఉందని అందులో తేలింది. పద్ధతి ప్రకారం అన్నది గమనించండి. వెళ్లమని చీటీ రాసిచ్చి చేతులు దులుపుకుంటే ఆ ఫలితం రాదు.

అసలు ఏఏ మొదలైందే ఒక ఫోన్ కాల్‌తో. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి పని మీద అమెరికాలోని ఆక్రన్ అనే ఊరికి వెళ్లాడు. తాగుడు మానేసి అప్పటికి కొన్ని నెలలే. వచ్చిన పని చెడింది. హోటల్ లాబీలో ఒంటరిగా నిలబడితే పక్కన బార్‌లోంచి మాటలు వినిపిస్తున్నాయి. ఆ క్షణంలో అతనికి కావాల్సింది తనలాంటి ఇంకొక తాగుబోతుతో మాట్లాడటం. లాబీలో ఉన్న చర్చిల పట్టిక చూసి ఫోన్లు చేసుకుంటూ పోతే, చివరికి బాబ్ స్మిత్ అనే సర్జన్ దొరికాడు. పదిహేను నిమిషాలు చాలనుకుని వచ్చిన డాక్టర్ గంటల తరబడి కూర్చుండిపోయాడు. ఆ డాక్టర్ ఆఖరిసారి తాగిన 1935 జూన్ 10నే ఏఏ పుట్టినరోజుగా లెక్కపెడతారు. మన దేశానికి 1957లో వచ్చింది.

ఇక మీరు చేయాల్సిన పనులు.

మొదట మీ తమ్ముడు ఉన్న సెంటర్‌కే ఫోన్ చేయండి. చాలా వార్డులకు వారానికో, పదిహేను రోజులకో ఏఏ సభ్యులు వచ్చి పేషెంట్లతో మాట్లాడతారు. "మావాడు ఉన్నప్పుడు వచ్చి మాట్లాడినవారు ఎవరు, వారితో ఒకసారి మాట్లాడించగలరా" అని కౌన్సెలర్‌ను అడగండి. అప్పటికే ముఖం చూసిన మనిషి కాబట్టి మీ తమ్ముడికి బెరుకు సగం పోతుంది. ఈ దారి చాలామందికి తట్టదు.

అక్కడ కుదరకపోతే వెబ్‌సైట్‌లోని నంబర్. అదీ కలవకపోతే రెండు ప్రభుత్వ నంబర్లు గుర్తుంచుకోండి. 14446 మత్తు విడిపించడానికి కేంద్రం నడిపే టోల్ ఫ్రీ హెల్ప్‌లైన్. 14416 టెలి మానస్, మానసిక ఆరోగ్యం కోసం, 24 గంటలూ, తెలుగులో మాట్లాడతారు. ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ ఓపీలో అడిగినా చెబుతారు. హైదరాబాద్ వైపు వెళ్లే పని ఉంటే ఎర్రగడ్డ మానసిక వైద్యశాల, విశాఖ వైపు అయితే చినవాల్తేరు ఆసుపత్రి ఉన్నాయి.

ఒక జాగ్రత్త. నెట్‌లో కనిపించే మీటింగ్ టైములు, చోట్లు మారిపోతుంటాయి. అద్దె గది కాబట్టి స్కూలు వాళ్లో చర్చి వాళ్లో ఖాళీ చేయమంటే గ్రూపు పక్క వీధికి మారుతుంది. బయలుదేరే రోజు పొద్దున మళ్లీ ఫోన్ చేసి కనుక్కోండి. ధైర్యం కూడగట్టుకుని మొదటిసారి వెళ్తే తలుపుకు తాళం కనబడిందనుకోండి, రెండోసారి అతన్ని బయలుదేరదీయడం ఎంత కష్టమో మీకే తెలుసు.

ఇంకొకటి కూడా అడగండి: అది ఓపెన్ మీటింగా, క్లోజ్డ్ మీటింగా? ఓపెన్ అయితే మీరు, మీ మరదలు కూడా వెళ్లి కూర్చోవచ్చు. క్లోజ్డ్ అంటే తాగుడు మానాలనుకునేవాళ్లకు మాత్రమే. తోడు వెళ్లాలనుకుంటే మొదటిసారి ఓపెన్ మీటింగ్ ఎంచుకోండి.

భాష సంగతి. విజయవాడ, విశాఖ లాంటి చోట్ల తెలుగులోనే మాట్లాడుకుంటారు. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో తెలుగు, హిందీ, ఇంగ్లిష్ మూడూ వినిపిస్తాయి. ఏ గ్రూపులో ఏ భాష ఎక్కువో ఫోన్లోనే చెబుతారు. పుస్తకాలు, కరపత్రాలు తెలుగులో కూడా ఉన్నాయి.

ఫీజు లేదు. సభ్యత్వ రుసుము లేదు, రిజిస్ట్రేషన్ లేదు, ఆధార్ అడగరు. మధ్యలో ఒక సంచో డబ్బానో చేతులు మారుతుంది. గది అద్దెకీ టీకీ సభ్యులు తోచింది వేస్తారు. కొత్తవాళ్లు వేయాల్సిన పనిలేదు. బయటివాళ్లు విరాళమిస్తామన్నా ఏఏ తీసుకోదు, అది వాళ్ల నియమం. కాబట్టి ఏఏ పేరు చెప్పి ఎవరైనా అడ్మిషన్ అనో ప్యాకేజీ అనో డబ్బు అడిగితే అది ఏఏ కాదు. అది ప్రైవేటు రీహాబ్. వాటిలో మంచివీ ఉన్నాయి, మనిషిని గదిలో పెట్టి కొట్టేవీ ఉన్నాయి. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం కిందికి తాగుడు, మత్తు వల్ల వచ్చే మానసిక ఇబ్బందులూ వస్తాయి. చేర్చుకుని వైద్యం చేసే సెంటర్‌కు రిజిస్ట్రేషన్ ఉండాలి. ఏదైనా సెంటర్ వాళ్లు వ్యాన్‌తో రాత్రి పూట వచ్చి ఎత్తుకుపోతామంటే ఒప్పుకోకండి.

గదిలో ఏం జరుగుతుందో తెలిస్తే మీ తమ్ముడికి భయం తగ్గుతుంది, కాస్త వివరంగా చెబుతాను. నేను ఓపెన్ మీటింగులకు వెళ్తుంటాను. సాయంత్రం ఆరున్నరా ఏడు మధ్య మొదలై గంట, గంటన్నర సాగుతుంది. స్కూలు గది అయితే బెంచీలు పక్కకు జరిపి ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేస్తారు. గోడకు రెండు బ్యానర్లు కడతారు, ఒకదాని మీద పన్నెండు స్టెప్స్, ఇంకోదాని మీద పన్నెండు ట్రెడిషన్స్, అంటే గ్రూపులు నడిచే కట్టుబాట్లు. ఆ రోజు నడిపించే సభ్యుడు కాసేపు చదువుతాడు. తర్వాత ఒక్కొక్కరు లేచి "నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలుపెట్టి తన కథ చెబుతారు. పిల్లవాడి ఫీజు డబ్బులు తాగేసిన సంగతి, పొద్దున చేతులు వణుకుతుంటే క్వార్టర్ సీసా మూత తీయలేక పళ్లతో తీసిన సంగతి, అన్నీ చెప్పుకుంటారు. మధ్యలో ఎవరూ అడ్డుతగలరు, సలహా ఇవ్వరు, తప్పు పట్టరు. కొత్తవాడు వచ్చాడని తెలిస్తే చాలా గ్రూపుల్లో ఆ రోజు మొదటి స్టెప్ గురించే మాట్లాడతారు. మందు ముందు మనం ఓడిపోయాం, బతుకు మన చేతుల్లోంచి జారిపోయింది అని ఒప్పుకోవడమే ఆ స్టెప్. మీ తమ్ముడు ఏమీ మాట్లాడకపోయినా ఫర్వాలేదు. పేరు చెప్పి, "ఇవాళ వింటానండీ" అంటే చాలు. ఏడాది తాగకుండా ఉన్నవాళ్లకు బర్త్‌డే అని చేస్తారు. వీలుంటే అలాంటి రోజు చూసి తీసుకెళ్లండి. కేకు కోస్తున్న మనిషి పక్కన అతని భార్య నిలబడి మాట్లాడటం వింటే, నేను గంటసేపు చెప్పేది వాళ్లు ఐదు నిమిషాల్లో చెప్పేస్తారు.

ఊళ్లో తెలిసిపోతుందన్న భయం గురించి. అక్కడ చూసినవాళ్ల పేర్లు, విన్న మాటలు బయట చెప్పకూడదన్నది ముఖ్యమైన కట్టుబాటు. ఒక స్కూలు మాస్టారు ఇదే భయంతో నెలల తరబడి వాయిదా వేశారు. చివరికి పక్క టౌన్‌లోని మీటింగ్‌కు వెళ్లారు. అక్కడ తన దగ్గర చదువుకునే పిల్లాడి తండ్రి ఎదురయ్యాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని కాసేపు మాటరాక నిలబడ్డారట. ఇప్పుడు వాళ్లిద్దరూ ఒకే బండి మీద వెళ్తారు. మీకు అంతగా ఇబ్బందనిపిస్తే సొంత ఊరు వదిలి ఖమ్మంలోనో విజయవాడలోనో వెతకండి. అలా వెళ్లేవాళ్లు చాలామంది. అయినా మీ తమ్ముడు తాగుతాడన్న సంగతి ఊరికి ఎప్పుడో తెలుసమ్మా.

మతం గురించి మీరు అడగలేదు గానీ ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతారు. మీటింగ్ చర్చి ఆవరణలో జరిగితే "మతం మార్చేస్తారా" అని సందేహం వస్తుంది. గది తక్కువ అద్దెకు దొరికింది కాబట్టి అక్కడ పెట్టుకుంటారు, అంతే. స్టెప్స్‌లో దేవుడి ప్రస్తావన ఉంది, ఎవరికి తెలిసిన దేవుడు వారికే అని పక్కనే ఉంది. ఒకే గదిలో బొట్టు పెట్టుకున్నవాళ్లు, టోపీ పెట్టుకున్నవాళ్లు, ఏ దేవుణ్నీ నమ్మనివాళ్లు కూర్చుంటారు. దేవుడి మాటే పడనివారికి 1994లో మొదలైన స్మార్ట్ రికవరీ అనే పద్ధతి ఉంది. ఆలోచనలను, కోరికలను ఎలా పట్టుకోవాలో నేర్పిస్తారు, ఆన్‌లైన్‌లో మీటింగులు ఉంటాయి. తెలుగులో దొరకడం కష్టం, ఇంగ్లిష్ వస్తే ప్రయత్నించవచ్చు.

ఇప్పుడు ముఖ్యమైన జాగ్రత్త. మీటింగ్ వైద్యానికి బదులు కాదు. డాక్టర్ ఇచ్చిన మాత్రలు ఆపొద్దు. మీటింగ్‌లో ఎవరైనా "మాత్రలెందుకు, మీటింగ్ చాలు" అంటే వినొద్దు. సభ్యులెవరూ డాక్టర్ పాత్ర పోషించకూడదని ఏఏ స్వయంగా చెబుతుంది. అలాగే తాగితే వాంతులయ్యే డైసల్ఫిరాం మాత్రను అతనికి తెలియకుండా కూరలో, మజ్జిగలో కలపడం చాలా ప్రమాదం. ఆ మాత్ర లోపల ఉండగా తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఊళ్లలో "మందు మాన్పించే మందు" అని అమ్మే పొడుల్లో ఏముందో అమ్మేవాడికీ తెలియదు.

రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే కూడా ప్రమాదమే. మీ తమ్ముడు ఆ దశ దాటి వచ్చాడు, కానీ మళ్లీ మొదలుపెట్టి కొన్ని వారాలు తాగితే మళ్లీ అదే పరిస్థితి. ఆఖరి పెగ్గు తర్వాత కొన్ని గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, లేనివి కనిపించి, ప్రాణాపాయం కలగొచ్చు. అలాంటప్పుడు మీటింగ్ కాదు, నేరుగా ఆసుపత్రి.

ఈ మాట అయ్యప్ప మాల సీజన్‌లో ప్రతి ఏడూ చెప్పుకుంటూ వస్తున్నాను. నిన్నటిదాకా రోజూ హాఫ్ తాగినవాడు పొద్దున స్నానం చేసి మాల వేసుకుంటాడు. రెండో రోజో మూడో రోజో నల్ల బట్టల్లోనే ఫిట్స్‌తో క్యాజువాల్టీకి వస్తాడు. ఇంట్లోవాళ్లు దీక్షలో ఏదో అపచారం జరిగిందని వణికిపోతుంటారు. మాల వేసుకునే ఆలోచన ఉంటే ముందే డాక్టర్‌కు చూపించి, మాత్రలతో తగ్గించుకున్నాక వేసుకోవాలి. "41 రోజులు ముట్టడు కదండీ, అలాంటప్పుడు జబ్బు ఎలా అవుతుంది" అని కూడా అడుగుతారు. దీక్షలో ఆ మనిషి చుట్టూ ఏముందో చూడండి: గురుస్వామి, తోటి స్వాములు, తెల్లవారుజామున పూజ, సాయంత్రం భజన, పేరు పెట్టి కాకుండా స్వామీ అని పిలిచే ఊరు. మాల తీసిన మర్నాడు వాటిలో ఒక్కటీ ఉండదు. వార్డు నుంచి ఇంటికొచ్చినప్పుడూ అంతే. మొదటి మూడు నెలలు మళ్లీ తాగే ప్రమాదం బాగా ఎక్కువ. అందుకే ఏఏ పాతవాళ్లు 90 రోజుల్లో 90 మీటింగులు అంటారు. మన చిన్న ఊళ్లలో రోజూ మీటింగ్ ఉండదు. వారానికి ఒకటైనా నేరుగా, మిగతా రోజుల్లో ఒక సభ్యుడితో ఫోన్, వీలైతే ఆన్‌లైన్ మీటింగ్ అని పెట్టుకోండి. జియో సిగ్నల్, ఇయర్‌ఫోన్స్ ఉంటే పొలం గట్టు మీద కూర్చుని కూడా వినేవాళ్లున్నారు. అమెరికా, గల్ఫ్‌లలో ఉన్న మనవాళ్లకు కూడా ఏఏ ఆన్‌లైన్ ఇంటర్‌గ్రూప్ వాళ్ల ఆన్‌లైన్ మీటింగుల జాబితా పనికొస్తుంది, భాషను బట్టి వెతుక్కోవచ్చు.

మొదటి మీటింగ్ నచ్చలేదంటే ఆశ్చర్యం లేదు. ఒక ఆటో డ్రైవర్ కుర్రాడు వెళ్లొచ్చి, "అందరూ రిటైరైనవాళ్లే సార్, నాకు పడదు" అన్నాడు. వేరే ఏరియాలో తన ఈడువాళ్లున్న గ్రూపుకు పంపితే కుదురుకున్నాడు. కనీసం మూడు నాలుగు సార్లు, వీలైతే రెండు వేర్వేరు గ్రూపులు చూశాకే వద్దని చెప్పమనండి. అలవాటయ్యాక కొన్నేళ్లుగా తాగకుండా ఉన్న ఒకరిని స్పాన్సర్‌గా అడగవచ్చు. రాత్రి పదింటికి తాగాలనిపిస్తే ఫోన్ చేయడానికి ఆ మనిషి ఉంటాడు.

రానంటే? బతిమాలొద్దు, ఒట్లు వేయించుకోవద్దు. "ఒక్కసారి ఫోన్లో మాట్లాడు, నచ్చకపోతే నేను మళ్లీ అడగను" అని చెప్పి ఫోన్ కలిపి పక్కకు వెళ్లిపోండి. పొద్దున పూట, తాగి లేనప్పుడు, పిల్లల ముందు కాకుండా. అతను వచ్చినా రాకపోయినా మీరూ మీ మరదలూ అల్-అనాన్ మీటింగ్‌కు వెళ్లండి. తాగేవారి ఇంట్లోవాళ్ల కోసం బిల్ విల్సన్ భార్య లోయిస్ మరొకరితో కలిసి 1951లో మొదలుపెట్టింది అది. ఎక్కడ జరుగుతుందో ఏఏ నంబర్‌కు ఫోన్ చేసినప్పుడే అడగండి, ఆన్‌లైన్‌లో కూడా ఉంటాయి. అప్పు తీర్చడం, ఆఫీసుకు ఫోన్ చేసి జ్వరమని అబద్ధం చెప్పడం, సీసాలు వెతికి పారబోయడం, ఇవన్నీ ఇంటి ఆడవాళ్ల మీదే పడతాయి. వాటిలో ఏది ఆపాలో, ఎలా ఆపాలో అవి దాటొచ్చినవాళ్లే చెప్పగలరు.

ఒకవేళ మళ్లీ తాగితే, ఇంతేలే అని మీటింగ్ మాన్పించకండి. వారు ఎవరినీ తీసేయరు. తాగడం మానాలన్న కోరిక ఒక్కటే అక్కడ అర్హత. మర్నాడు పొద్దున ఆ తెలిసిన సభ్యుడికి మీరే ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి, సాయంత్రం ఎక్కడ మీటింగ్ ఉందో అడగండి. చేతులు వణుకుతుంటే మాత్రం ముందు డాక్టర్ దగ్గరికి.